గీత నుండి గణితమునకు – ఇంజనీరింగు రూపకల్పన సాఫ్ట్‌వేరు పుట్టిన కథ

చిలకలూరిపేట చుట్టుప్రక్కల ప్రత్తి పండుతుంది. ఊరికి చేరువనే గణపవరము మొదలైన చోట్ల నూలు మిల్లులు ఉన్నవి. అట్టి మిల్లు ఒకదానిలో ఒకనాటి రాత్రి యంత్రములోని పళ్ళచక్రమునకు పన్ను విరిగినదని అనుకొందాము. పనివాడు ఆ చక్రమును గుడ్డలో చుట్టి లేతు షాపునకు తీసికొనిపోతాడు. అక్కడి మేస్త్రీ మొదట పళ్ళు లెక్కపెడతాడు: 40. తరువాత కాలిపరుతో బయటి వ్యాసము కొలుస్తాడు: 126 మిల్లీమీటర్లు. పళ్ళ సంఖ్యకు 2 కలిపి, ఆ మొత్తముతో వ్యాసమును భాగిస్తాడు. 126ను 42తో భాగిస్తే 3 వస్తుంది. ఈ 3నే పళ్ళచక్రపు మాడ్యూలు అంటారు. ఈ మాడ్యూలు, పళ్ళ సంఖ్య, పంటి వాలుకోణము, చక్రపు వెడల్పు, నడిమి రంధ్రపు కొలత – ఈ నాలుగైదు అంకెలు తెలిసినచో ఆ చక్రమును ప్రపంచములో ఎక్కడనైనను తిరిగి తయారుచేయవచ్చును.

విద్యార్థులు ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. మేస్త్రీ చేతిలోనికి వచ్చినది ఇనుప వస్తువు. అతడు దానిని అంకెలుగా మార్చినాడు. ఆ అంకెలనుండి మరల ఇనుప వస్తువు పుట్టినది. వస్తువునకు, అంకెకు నడుమ వంతెనవలె నిలిచినది ఇన్నాళ్ళు కాగితముపైని గీత. నేడు ఆ స్థానమును కంప్యూటరు సాఫ్ట్‌వేరు ఆక్రమించినది. కంప్యూటరుచేత ఒక పని చేయించుటకు వ్రాసిన ఆజ్ఞల వరుసయే సాఫ్ట్‌వేరు. యంత్రములను, వంతెనలను, విమానములను రూపొందించు ఈ సాఫ్ట్‌వేరు ఎట్లు పుట్టినది? దానిలో తెలుగువారి పాలు ఎంత? దానిని ఎంతవరకు నమ్మవలెను? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకుట ఈ వ్యాసము ఉద్దేశము.

రహస్యముగా దాచిన గీత

ఒక వస్తువును ముందునుండి, పైనుండి, ప్రక్కనుండి చూచినట్లు మూడు బొమ్మలు గీయుట నేడు పాలిటెక్నిక్ విద్యార్థికి మొదటి సంవత్సరపు పాఠము. కాని ఒకప్పుడు ఇది సైనిక రహస్యము. ఫ్రాన్సు దేశములో 1746లో పుట్టిన గాస్పార్ మోంజ్ అను ఆయన, ఇరువది ఏండ్ల ప్రాయములోనే మెజియేర్ పట్టణపు సైనిక పాఠశాలలో చిత్తుపటములు గీయు చిన్న ఉద్యోగములో ఉండేవాడు. శత్రువు గుండ్లు తగులకుండునట్లు కోటగోడలను ఎంత ఎత్తున కట్టవలెనో లెక్కించు పని ఒకటి ఆయనకు అప్పగించినారు. అప్పటివరకు ఆ లెక్క దీర్ఘమైన అంకగణితముతో చాల దినములు పట్టెడిది. మోంజ్ రేఖాగణితముతో దానిని ఎంత త్వరగా ముగించినాడనగా, అధికారి మొదట ఆ సమాధానమును పరిశీలించుటకే ఒప్పుకొనలేదు. అంత త్వరగా ముగించుట అసాధ్యమని ఆయన తలంపు.

పద్ధతి సరియైనదని తేలిన తరువాత దానిని దాచిపెట్టినారు. సైనిక పాఠశాల బయట ఎవరికీ చెప్పరాదన్నారు. ఫ్రెంచి విప్లవము వచ్చిన పిదప, 1795లో, మోంజ్ దానిని బహిరంగముగా బోధించినాడు. 1799లో ఆ ఉపన్యాసములు పుస్తకముగా వెలువడినవి. అంతటితో ఆ విద్య యూరపు అంతట వ్యాపించి, యంత్రయుగమునకు భాష అయినది. దాచినంతకాలము ఒక కోటకు మాత్రమే పనికివచ్చిన విద్య, వెల్లడి అయిన తరువాత లోకమునకంతకు పనికివచ్చినది. ఈ మాట గుర్తుంచుకొనవలెను. మన కథలో ఇది పలుమార్లు తిరిగివస్తుంది.

బల్లమీది ఆనకట్ట

పల్నాటి పొలములకు నీరు తెచ్చు నాగార్జునసాగరు కుడికాలువ 203 కిలోమీటర్ల పొడవు గలది. ఆ ప్రాజెక్టుకు 1955 డిసెంబరు 10న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసినారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలినారు. దాని రూపకల్పనతో సంబంధమున్న ఇంజనీర్లలో కృష్ణాజిల్లా కంకిపాడులో జన్మించిన డాక్టరు కానూరి లక్ష్మణరావుగారు ముఖ్యులు. 124 మీటర్ల ఎత్తు గల ఆ రాతికట్టడము మొదట డ్రాయింగు బల్లమీద పుట్టినది. టీ-స్క్వేరు, మూలమట్టములు, వృత్తలేఖిని, ఇండియా ఇంకు, స్లైడురూలు – ఇవియే ఆనాటి ఆయుధములు. మైనపుగుడ్డమీద గీసిన పటము క్రింద రసాయనము పూసిన కాగితము ఉంచి వెలుతురు చూపినచో, నీలపు నేలమీద తెల్లగీతలతో నకలు వచ్చెడిది. ఇంగ్లండులో జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టిన ఈ నీలిముద్ర పద్ధతి చాలకాలము లోకమంతట ఇంజనీర్లకు ఉపయోగపడినది.

ఆ పద్ధతిలో ఒక పెద్ద చిక్కు ఉన్నది. ఒక కొలత మారితే, దానితో సంబంధమున్న పటములన్నియు చెరిపి తిరిగి గీయవలెను. ఒక పటములో మార్చి వేరొక పటములో మరచినచో, పనిస్థలములో రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కలియవు. కాగితమునకు తనపై ఉన్న గీత దేనిని తెలుపుచున్నదో తెలియదు గదా! గీతకు తన అర్థము తెలిసిన ఎంత బాగుండును? సాఫ్ట్‌వేరు కథ ఈ కోరికతో మొదలైనది.

వెలుగు కలము

అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక సంస్థలో 1950లలో రెండు దిక్కులనుండి ఈ ప్రయత్నము సాగినది. ఒకటి, అంకెలు ఇచ్చినచో యంత్రము తనంతట తాను లోహమును కోయు ఏర్పాటు. డగ్లస్ రాస్ నాయకత్వములో తయారైన ఏ.పి.టి. అను భాష ఇందుకొరకు పుట్టినది. 1959లో దానిని పత్రికలవారికి ప్రదర్శించినప్పుడు, ఆ భాషతో ఆజ్ఞలిచ్చి కోయించిన అల్యూమినియపు బూడిదగిన్నెలను పంచిపెట్టినారు.

రెండవది, కంప్యూటరు తెరమీదనే బొమ్మ గీయుట. ఐవాన్ సదర్లండు అను విద్యార్థి 1963లో తన డాక్టరేటు పరిశోధనగా స్కెచ్‌ప్యాడ్ అను ప్రోగ్రామును సమర్పించినాడు. టి.ఎక్స్.-2 అను పెద్ద కంప్యూటరు తెరకు వెలుగుకలము తాకించి ఆయన గీతలు గీసేవాడు. అంతమాత్రమే అయిన గొప్ప లేదు. ఆ గీతకు కొన్ని నియమములు చెప్పవచ్చును. ఈ రెండు గీతలు సమాంతరముగా ఉండవలెను, ఈ రెండు సమానముగా ఉండవలెను అని చెప్పినచో, ఒకదానిని కదల్చినప్పుడు రెండవది తానే సర్దుకొనెడిది. గీతకు అర్థము తెలియుట అనగా ఇదే. కంప్యూటరులో గీత అనగా దాని రెండు కొనల స్థానములను తెలుపు అంకెలు, వాటిని బంధించు నియమములు. బొమ్మ ఆ అంకెల ప్రతిబింబము మాత్రమే.

ఆ కాలమునాటికి మన దేశములో కంప్యూటర్లు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రమే. బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థలో టిఫ్రాక్ 1960లో పనిచేయ మొదలిడినది. కాన్పూరు ఐ.ఐ.టి.కి 1963లో ఐ.బి.ఎం. 1620 వచ్చినది. హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్సు కార్పొరేషను 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును తయారుచేసినది. సాగరు కాలువలలో నీరు పారిన రెండేండ్లకు, మన గడ్డమీద కంప్యూటరు తయారైనదన్నమాట.

పేరు ఎవరికి దక్కినది?

తిన్నని గీతకు రెండు కొనలు చెప్పిన చాలును. కారు తలుపువలె వంపు తిరిగిన రూపమును అంకెలలో ఎట్లు చెప్పవలెను? ఈ ప్రశ్నకు సమాధానమును ఇద్దరు ఫ్రెంచివారు వేరువేరుగా కనుగొన్నారు. సిట్రోయెన్ కార్ల సంస్థలోని పాల్ ద కాస్టెల్జో 1959లో ఒక పద్ధతి వ్రాసిపెట్టినాడు. సంస్థ దానిని వ్యాపార రహస్యమని లోపలనే దాచినది. రెనో సంస్థలోని పియెర్ బెజియే 1960 దశాబ్దిలో తన పద్ధతిని పత్రికలలో ప్రకటించినాడు. తరువాత చూడగా రెండు పద్ధతులు ఇచ్చు వక్రము ఒకటే! కాని లోకము దానికి బెజియే వక్రము అని పేరు పెట్టినది. మోంజ్ కాలమునాటి పాఠమే మరల కనబడినది.

ఈ పద్ధతిని హైస్కూలు విద్యార్థి గ్రాఫు కాగితముమీద స్వయముగా చేయవచ్చును. అ (0, 0), ఆ (4, 8), ఇ (8, 0) అను మూడు బిందువులు గుర్తించండి. అ-ఆల మధ్యబిందువు (2, 4). ఆ-ఇల మధ్యబిందువు (6, 4). ఈ రెండింటి మధ్యబిందువు (4, 4). ఇది వక్రముమీది ఒక బిందువు. ఇప్పుడు సగమునకు బదులు నాలుగవ వంతు దూరము తీసికొనండి. మొదటి గీతమీద (1, 2), రెండవ గీతమీద (5, 6) వస్తాయి. ఆ రెండింటిని కలిపి, దానిమీద నాలుగవ వంతు పోయిన (2, 3) వస్తుంది. ముప్పాతిక వంతు తీసికొన్నచో (6, 3) వస్తుంది. ఈ బిందువులను కలుపగా చక్కని పరావలయము ఏర్పడుతుంది. ఆ బిందువును కొంచెము ప్రక్కకు జరిపి మరల గీసినచో వక్రము మొత్తము నునుపు చెడకుండ మారుతుంది. కారు రూపశిల్పి తెరమీద చేయు పని ఇదే. అక్షరముల అచ్చుల వంపులు కూడ నేడు ఇట్టి వక్రములతోనే కంప్యూటరులో నిలువ ఉన్నవి.

బలము లెక్కించుట

రూపము గీయుట సగము పని. ఆ రూపము బరువు మోయునా, విరుగునా అని తెలిసికొనుట రెండవ సగము. సూటిగా ఉన్న దూలమునకు పాఠ్యపుస్తకములో సూత్రము ఉన్నది. విమానపు రెక్కకు, ఆనకట్టలోని సొరంగపు మలుపునకు అట్టి సూత్రము లేదు. ఇందుకు ఇంజనీర్లు కనుగొన్న ఉపాయము ఏమనగా, పెద్ద వస్తువును చిన్నచిన్న ముక్కలుగా ఊహించి, ఒక్కొక్క ముక్కకు సులభమైన సమీకరణము వ్రాసి, అన్నింటిని కలిపి ఒక్కసారి సాధించుట. టర్నరు, క్లఫ్, మార్టిన్, టాప్ అనువారు 1956లో ప్రకటించిన వ్యాసము ఇందుకు పునాది అయినది. 1960లో క్లఫ్ దీనికి ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అని పేరు పెట్టినాడు. తెలుగులో పరిమిత అంశముల పద్ధతి అనవచ్చును.

దీని సారమును వృత్తముతో చూడవచ్చును. వృత్తములో సమభుజముల ఆకృతులు గీచి, చుట్టుకొలతను వ్యాసముతో భాగించండి. 6 భుజములకు 3.000, 12 భుజములకు 3.106, 24కు 3.133, 48కి 3.139, 96కు 3.141 వస్తుంది. నిజమైన విలువ 3.1416. ముక్కలు చిన్నవైనకొలది సమాధానము నిజమునకు దగ్గర అవుతుంది. ముక్కలు పెద్దవైనచో సమాధానము వస్తుంది గాని, అది తప్పు సమాధానము. తెరమీద మాత్రము రెండును ఒకే విధముగా అందముగా కనబడతవి. ఈ వాక్యమును కూడ పాఠకులు గుర్తుంచుకొనవలెను.

వేలకొలది సమీకరణములను చేతితో సాధించుట మానవునికి సాధ్యము కాదు. కంప్యూటరుకు అది సాధ్యము. అందుచేత అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1960లలో నాస్ట్రాన్ అను పెద్ద ప్రోగ్రామును వ్రాయించి, 1970ల ఆరంభములో ఇతరులకును అందుబాటులోనికి తెచ్చినది. రాకెట్ల కొరకు పుట్టిన సాధనము కార్లకు, ఓడలకు, వంతెనలకు కూడ పనికివచ్చినది.

తెలుగు ఆచార్యులు వ్రాసిన పుస్తకములు

ఇచ్చటనే తెలుగువారి పాత్ర ఆరంభమవుతుంది. అది ఎక్కువగా సాఫ్ట్‌వేరు అమ్మకములో గాక, దానిలోపల ఏమున్నదో విప్పిచెప్పుటలో కనబడుతుంది.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఇంజనీరింగు చదివి, కాన్పూరు ఐ.ఐ.టి.లోను, అమెరికాలోను పైచదువులు ముగించిన ఆచార్య సింగిరేసు ఎస్. రావుగారు 1982లో ఈ పద్ధతిమీద ఒక పాఠ్యగ్రంథము ప్రకటించినారు. అందులో ఫోర్ట్రాను భాషలో ప్రోగ్రాములు కూడ చేర్చినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయములో 1968లో ఇంజనీరింగు పట్టము పొందిన ఆచార్య జె.ఎన్. రెడ్డిగారు 1984లో తమ గ్రంథమును వెలువరించినారు. ఫెమ్1డి, ఫెమ్2డి అను ఆయన ప్రోగ్రాములతో అనేక దేశముల విద్యార్థులు ఈ విద్యను అభ్యసించినారు. అదే సంవత్సరము ఆయన, పొరలు పొరలుగా అతికించిన పలకలు వంగునప్పుడు లోపల ఏర్పడు కోతబలమును మరింత సరిగా లెక్కించు సిద్ధాంతము ఒకటి ప్రకటించినారు. నేటి విమానముల రెక్కలలో వాడు మిశ్రమ పదార్థములు అట్టి పొరల పలకలే. యంత్రశాస్త్రములో పెద్ద గౌరవమైన తిమోషెంకో పతకము 2019లో ఆయనకు లభించినది.

వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలో చదివిన ఆచార్య తిరుపతి చంద్రుపట్ల మొదట బెంగుళూరు హిందుస్థాన్ మెషీన్ టూల్సులో రూపకల్పన ఇంజనీరుగా పనిచేసినారు. తరువాత ఉపాధ్యాయులై, అశోక్ బేలెగుండుతో కలిసి 1991లో ఈ పద్ధతిపై ఒక పరిచయ గ్రంథము వ్రాసి, ప్రోగ్రాములను దానితో జతపరచినారు. ఆయన 1997లో ప్రకటించిన సమీకరణ సాధన పద్ధతి చంద్రుపట్ల పద్ధతి అను పేరుతోనే నేడు సైపై అను ఉచిత ప్రోగ్రాముల సంపుటిలో చోటు చేసికొన్నది. ప్రపంచములో ఏ మూలనున్న విద్యార్థి అయినను దానిని పిలిచి వాడుకొనవచ్చును, లోపలి లెక్కను చదివి చూడవచ్చును.

డ్రాయింగు విషయములో కూడ ఇట్టి సేవ జరిగినది. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ఆచార్యులు కె.ఎల్. నారాయణ, పి. కన్నయ్యగార్లు వ్రాసిన యంత్ర చిత్రలేఖన గ్రంథములు మన ఇంజనీరింగు విద్యార్థులకు సుపరిచితములు.

ఈ పుస్తకముల విలువ ఎక్కడ ఉన్నది? పెరుగు అమ్మువారు తమ పెరుగు పుల్లనిదని చెప్పరు గదా! సాఫ్ట్‌వేరు అమ్ము సంస్థ తన సరకు ఏమి చేయగలదో చెబుతుంది. ఎక్కడ తప్పుతుందో చెప్పుట దాని పని కాదు. ఆ రెండవ మాట చెప్పుటకు అమ్మకముతో సంబంధము లేని వ్యక్తి కావలెను. ప్రోగ్రామును పంక్తి పంక్తిగా అచ్చువేసి, ఇదిగో చూడుము, పరీక్షింపుము అని చెప్పు ఉపాధ్యాయుడు అట్టి వ్యక్తి.

బల్లమీదికి వచ్చిన కంప్యూటరు

1970లలో రూపకల్పన సాఫ్ట్‌వేరు కొనగలిగినవి ఎక్కువగా విమానముల, కార్ల సంస్థల వంటి పెద్ద సంస్థలే. ఫ్రాన్సులో దసో విమాన సంస్థలో 1977లో మొదలైన ప్రయత్నము కాటియా అను ప్రసిద్ధ సాఫ్ట్‌వేరు అయినది. 1982లో జాన్ వాకరు మొదలగువారు ఆటోడెస్కు సంస్థను స్థాపించి, ఆ ఏడాది చివరనే చిన్న కంప్యూటరుమీద పనిచేయు ఆటోకాడ్‌ను విడుదల చేసినారు. దానితో చిన్న కార్యాలయములు కూడ డ్రాయింగు బల్లను మూలకు చేర్చ మొదలిడినవి. సామ్యూల్ గైస్బర్గు 1985లో స్థాపించిన సంస్థనుండి ఆ దశాబ్ది చివర ప్రో-ఇంజనీరు వచ్చినది.

ఈ చివరి దాని గొప్పతనమును మన మిల్లు చక్రముతో చెప్పవచ్చును. మాడ్యూలు 3, పళ్ళు 40 అని చెప్పి ఘనరూపమును తయారుచేసినాము. ఇప్పుడు 40ని చెరిపి 42 అని వ్రాసినచో, బయటి వ్యాసము 126నుండి 132కు తానే మారుతుంది. ముందుచూపు, ప్రక్కచూపు పటములన్నియు తామే మారుతవి. సదర్లండు స్కెచ్‌ప్యాడ్‌లో గీతకు నేర్పిన నియమపాలన ఇప్పుడు ఘనవస్తువునకు అబ్బినది.

ఈ మార్పులో హైదరాబాదు కూడ పాలుపంచుకొన్నది. కాకినాడ ఇంజనీరింగు కళాశాలలోను, తరువాత కాన్పూరులోను, మిషిగన్ విశ్వవిద్యాలయములోను చదివిన బి.వి.ఆర్. మోహన్‌రెడ్డిగారు 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ సంస్థను అక్కడ నెలకొల్పినారు. కాగితపు పటములను అంకెలుగా మార్చు పనితో ఆరంభమైన ఆ సంస్థ విమాన ఇంజనుల భాగముల రూపకల్పనవరకు ఎదిగినది. 2014లో దాని పేరు సయెంట్ అని మారినది. ఇంజనీరింగు రూపకల్పనను దూరదేశములకు పంపగల సరకుగా మార్చిన తొలి సంస్థలలో ఇది ఒకటి.

సముద్రములో మునిగిన లెక్క

అదే 1991లో జరిగిన ఒక ప్రమాదము సాఫ్ట్‌వేరు వాడు ప్రతివాడు తెలిసికొనదగినది. నార్వే దేశమువారు సముద్రగర్భము నుండి సహజవాయువు తీయుటకు స్లైప్నర్-ఏ అను వేదికను నిర్మించుచున్నారు. దాని క్రింది కాంక్రీటు పునాది 82 మీటర్ల లోతు నీటిలో నిలువవలసినది. 24 పెద్ద అరలతో కూడినది. ఆగస్టు 23న స్టావెంజర్ పట్టణము దగ్గరి సముద్రపు పాయలో దానిని పరీక్షకై నీటిలోనికి దింపుచుండగా, లోపల పెద్ద శబ్దము వినబడినది. ఒక అర గోడ పగిలినది. నీరు లోనికి దూకినది. అందులోనివారు బయటపడినారు గాని, పునాది మొత్తము మునిగి అడుగున ముక్కలైనది. సుమారు 70 కోట్ల డాలర్ల నష్టమని అంచనా వేసినారు.

కారణము వెదకగా, అరలు కలియు మూలలలో లెక్కకొరకు ఊహించిన ముక్కలు మరీ పెద్దవిగాను, వంకరగాను ఉన్నవని తేలినది. నాస్ట్రాన్ ప్రోగ్రాము తనకు ఇచ్చిన ముక్కలనుబట్టి సమాధానము ఇచ్చినది. కాని ఆ గోడలలోని కోతబలము ఉండవలసినదానికంటె 47 శాతము తక్కువగా లెక్కకు వచ్చినది. దానికితోడు, ఆ మూలలో వేసిన ఇనుప కడ్డీల అమరిక చాలలేదు. తరువాత సరియైన ముక్కలతో లెక్కించినప్పుడు, 62 మీటర్ల లోతున గోడ విరుగునని తేలినది. అసలు విరిగినది 65 మీటర్ల వద్ద. అనగా సాఫ్ట్‌వేరు చెడ్డది కాదు. పద్ధతియు చెడ్డది కాదు. మన వృత్తపు ఉదాహరణములో 6 భుజములతో ఆగిపోయి, 3.000 వచ్చినది గదా అని తృప్తిపడినవాని తప్పు వంటిదే అది.

ఇందులో ఇంకొక సంగతి ఉన్నది. క్రొత్త పునాదికి వెంటనే పూనుకొనవలసివచ్చినప్పుడు, తప్పు ఎక్కడనున్నదో పూర్తిగా తెలియక, ఇంజనీర్లు మొదట స్లైడురూలు కాలపు చేతిలెక్కలతో రూపకల్పన సాగించినారు. చేతిలెక్క వచ్చినవారు ఇంకను అక్కడ ఉండుటచేతనే అది సాధ్యమైనది. చేతిలెక్క తెలిసిన ఒక్కరు ముందే కాగితముమీద ఆ గోడను స్థూలముగా లెక్కించి చూచియుండినచో, సగమునకు దగ్గరగా తగ్గిన అంకె కంటబడకపోవునా?

తిరిగి వెల్లడియైన విద్య

రూపకల్పన సాఫ్ట్‌వేరులో చాలభాగము నేటికిని మూసిన పెట్టె వంటిదే. లోపలి ఆజ్ఞలు సంస్థల రహస్యము. వాడుకకు ఏటేట రుసుము చెల్లింపవలెను. ఐనను మోంజ్ నాటి ద్వారము మరల కొంత తెరుచుకొన్నది. ఫ్రెంచి సంస్థ మాత్రా డేటావిజన్ 1999లో తన ఘనరూప గణిత ప్రోగ్రాములను ఓపెన్ కాస్కేడ్ అను పేరుతో లోకమునకు విడిచిపెట్టినది. దాని ఆధారముగా యూర్గెన్ రీగెల్ మొదలగువారు 2002 ప్రాంతములో ఆరంభించిన ఫ్రీకాడ్, ఎందరో స్వచ్ఛంద కార్యకర్తల కృషితో పెరిగి, 2024 నవంబరులో 1.0 సంఖ్య గల విడుదలకు చేరినది. దానిని ఎవరైనను ఉచితముగా తీసికొనవచ్చును. లోపలి ఆజ్ఞలను చదువవచ్చును. తప్పు కనబడినచో దిద్ది పంపవచ్చును. సాధారణ కంప్యూటరు ఉన్న ఏ పాఠశాలలోనైనను దానిని నేర్పవచ్చును.

ఉపాధ్యాయులకు ఒక చిన్న సూచన. ఒక పళ్ళచక్రమునో, తలుపు బందునో తరగతికి తీసికొనివచ్చి, మొదట విద్యార్థులచేత కొలిపించండి. తరువాత కాగితముమీద మూడు చూపులు గీయించండి. ఆ పిమ్మట మాత్రమే కంప్యూటరు తెర తెరవండి. తెరమీది అంకె, చేతిలోని అంకె ఒకటేనా అని ప్రతిసారి అడగండి. రెండును వేరైనప్పుడు ఏది తప్పో వెదకు విద్యార్థియే ఇంజనీరు అవుతాడు. తెర చెప్పినదే నిజమనువాడు మీటలు నొక్కువాడుగా మిగిలిపోతాడు.

మిల్లు చక్రము పట్టుకొని వచ్చిన మేస్త్రీని మరల తలచుకొందాము. ఆయన పళ్ళు లెక్కపెట్టినాడు, వ్యాసము కొలిచినాడు, భాగించి 3 వచ్చినదని చూచినాడు. ఒకవేళ 2.9 వచ్చియుండినచో ఏమి చేసేవాడు? ఎక్కడనో కొలత తప్పినదని, లేదా అరుగుదల ఉన్నదని, కాలిపరు తీసి మరల కొలిచేవాడు. ఏ సాఫ్ట్‌వేరుకును ఇంతవరకు పూర్తిగా పట్టుబడని విద్య ఆ రెండవసారి కొలుచుటలో ఉన్నది. నేర్చినవారు దానిని దాచుకొనక పదుగురికి చెప్పినప్పుడే మన ఊరి లేతు షాపు మొదలు విమాన కర్మాగారమువరకు అది నిలుస్తుంది.